సెలూన్ దగ్గర ఎడమకి

బడి, హెడ్‌మిస్ట్రెస్ గది
వేసవి సెలవుల మొదట్లో

తమ్ముడూ,

ఆశీర్వాదాలు ముందే రాసేస్తున్నాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి నీ మీద కోపం వస్తుంది, అప్పుడు మర్చిపోతాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వు అబద్ధమాడితే తేనె పూసినట్టుంటుంది, నేను పట్టుకోలేను. కాగితం మీద ఆడితే మాత్రం నీ అక్షరాలు వంకర పోతాయి. చిన్నప్పుడు నీ జవాబు పేపర్లు నాన్న కంటపడకుండా దాచిన అక్కని నేను, నాకు ఆ వంకర తెలుసు.

సంగతేమిటంటే, చిట్టిని నీ దగ్గరికి పంపుతున్నాను. దానికి బండి నడపడం నేర్పాలి. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసై కూడా ఇంట్లో కూర్చుని పోటీ పరీక్షలు రాస్తూనే ఉంది నా కూతురు. ఇప్పుడు ఒక దారి కనిపించింది. మా కొండదారి పల్లెలకి మందుల బండి ఒకటి తిరుగుతుంది. దాని డ్రైవరు బస్సు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. బండి చూసుకునే నర్సమ్మకి ఈసారి ఆడమనిషే కావాలట. "ఆడవాళ్ళు బండెక్కి వాళ్ళ బాధ చెప్పుకోవాలంటే ముందు సీట్లో మీసం ఉండకూడదు" అంది. లైసెన్సు తెచ్చుకుంటే తనే పక్కన కూర్చుని చూస్తుందట. నచ్చితే ఉద్యోగం చిట్టిదే.

ఇది దొరికితే నా బిడ్డ దాని కాళ్ళ మీద నిలబడుతుంది. దొరక్కపోతే మళ్ళీ ఆ లావు పుస్తకాలు ముందేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపు నేను చూడలేకపోతున్నానురా.

అందుకే నీలాంటివాణ్ణి బతిమాలుతున్నాను. బడికి ముందు గుమ్మంలోంచి వచ్చి వెనక గోడ దూకి వెళ్ళిపోయినవాడు బడి పెట్టడమేమిటో, దానికి స్కూలు అని బోర్డు కట్టుకోవడమేమిటో నాకిప్పటికీ మింగుడుపడదు. అయినా మేనమామవి. సరిగ్గా నేర్పు.

కోపం వచ్చేలోపు ముగిస్తున్న
అక్క


డ్రైవింగ్ స్కూలు, గరాజు వెనక గది
ఎండలు మండుతున్న రోజు

హెడ్‌మిస్ట్రెస్ గారికి వెనక బెంచీ నుంచి నమస్కారం!

నీ కూతురు క్షేమంగా చేరింది. మీ మరదలు దాన్ని చూసి, "పిల్ల ఇంత సన్నగా ఉంది, స్టీరింగు తిప్పుతుందా, స్టీరింగే పిల్లని తిప్పుతుందా?" అంది. ఏం భయం లేదు. మా బడిలో చేరినవాడు ఇంతవరకూ ఒక్కడూ తప్పలేదు. మా పాఠం అలాంటిది.

రహస్యం నీకొక్కదానికే చెబుతున్నాను. మా బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్ష పెట్టే దారి ఒక్కటే. ఆఫీసు గేటు దగ్గర మొదలై టీ కొట్టు దగ్గర ముగుస్తుంది. ఎందుకంటే ఆయనకి అక్కడ టీ తాగాలి. నేను ఈ వృత్తిలోకి వచ్చినప్పటి నుంచీ ఆయన దారి మార్చలేదు, టీ మార్చలేదు. అందుకని నేనా దారినే పాఠంగా కట్టాను. పిల్లలు పొద్దున్నే కారెక్కగానే ముక్తకంఠంతో అంటారు: "సెలూన్‌కి ఎడమ, మందులకి నిదానం, దర్జీకి కుడి, టీకొట్టుకి పార్కింగ్!" అంటే సెలూన్ బోర్డు కనబడగానే ఎడమకి తిప్పాలి. మందుల షాపు పచ్చ దీపం కనబడితే నెమ్మదించాలి. దర్జీ కొట్టు కిటికీలో తలలేని బొమ్మ కనబడితే కుడి. ఇంతే అక్కా, డ్రైవింగు శాస్త్రమంతా!

పైగా మా కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే నేనే మెల్లగా నొక్కుతాను. కారు దానంతటదే ఆగినట్టుంటుంది. వాళ్ళకి ధైర్యం, నాకు ప్రాణం, రెండూ దక్కుతాయి.

నూటికి నూరు మంది పాసు! మీ బడి గురించి నువ్వలా చెప్పగలవా? అయ్యో, మర్చిపోయాను, చెప్పగలవు. నువ్వు ఎర్ర కలంతో గీతలు గీసిచ్చే 'ముఖ్యమైన ప్రశ్నలు' ఉన్నాయిగా! అక్కాతమ్ముళ్ళం ఒకే తాను ముక్కలం.

నీ తమ్ముడు,
(మా వీధిలో అందరూ మాస్టారూ అంటారు, నువ్వొక్కదానివే అనవు)


బడి, హెడ్‌మిస్ట్రెస్ గది
సెలవుల మధ్యలో

ఒరేయ్,

అది వేరు, ఇది వేరు.

నేను గుర్తు పెట్టే ప్రశ్నలు గాలిలోంచి ఊడిపడవు. ఏళ్ళ తరబడి పాత ప్రశ్నాపత్రాలు చదివితే వచ్చిన చూపు అది. ఏ పాఠంలో ఏ ప్రశ్న వస్తుందో నేను చెబితే వచ్చి తీరుతుంది. పక్క బడుల వాళ్ళు మా పిల్లల నోట్సుల కోసం సాయంత్రాలు గేటు దగ్గర పడిగాపులు పడతారు. నువ్వు దాన్ని తెచ్చి సెలూన్ బోర్డుతో పోలుస్తావా? నక్కకీ నాకలోకానికీ పోలికా?

నా మాట విను. చిట్టిని వేరే దారుల్లోకి తీసుకెళ్ళు. ఎత్తులూ పల్లాలూ చూపించు. నీ బ్రేకు మీంచి కాలు తియ్యి. మా కొండదారిలో సెలూన్లూ లేవు, దర్జీలూ లేరు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మలుపులో ఎదురుగా లారీ వస్తే తలలేని బొమ్మ కోసం వెతుక్కుంటుందా నా బిడ్డ?

అది నాకు రాసిన రెండు ముక్కల్లో "అమ్మా, డ్రైవింగ్ చాలా తేలిక" అని ఉంది. నీ పేరు విన్నప్పుడు కూడా వేయనంత భయం ఆ 'తేలిక' అన్న మాట చదివినప్పుడు వేసింది.

మీ అక్క


డ్రైవింగ్ స్కూలు, గరాజు వెనక గది
ఎండలు తగ్గుతున్న వేళ

అక్కా, శుభవార్త!

నీ కూతురు పాసైంది. లైసెన్సు చేతికొచ్చింది. ఫోటోలో కాస్త బెదిరిన పిల్లిలా ఉంది కానీ అది కెమెరా తప్పు. చిట్టి అంత బాగా నేర్చుకున్న పిల్ల మా బడిలో ఇంకొకరు లేరు. నిద్రలో లేపి అడిగినా "దర్జీకి కుడి" అంటుంది.

అన్నట్టు, అదే రోజు ఒక తమాషా జరిగింది. పరీక్షకి వచ్చినవాళ్ళలో ఇంకో అమ్మాయి ఉంది, నీకు తెలియదులే. సెలూన్ వాడు కొత్త అద్దాలు బిగిస్తూ బోర్డు తీసి, అడ్డం లేకుండా పక్కనున్న పిండిమర గుమ్మానికి ఆనించాడట. ఈ అమ్మాయికి బోర్డు కనబడింది. ఇంకేముంది, ఎడమకి! కారు తిన్నగా పిండిమరలోకి దూరింది. బస్తాలు దొర్లాయి. ఇన్‌స్పెక్టరు గారు కాగితాలు నింపుకుంటూ అలవాటు కొద్దీ "ఊఁ, ఇక్కడ ఎడమకి" అన్నారట కూడా. తలెత్తి చూస్తే ముందు సీటంతా పొగమంచు. మీసం తెల్లబడింది. "ఈ రోడ్డు ఎప్పుడు మార్చారమ్మా?" అని అడిగారట!

ఎడమకి తిప్పమన్నది తనే కాబట్టి ఫెయిలు చేయలేకపోయారు. మరలో పనివాళ్ళు కారుని వెనక్కి నెట్టారు. అందరూ కలిసి టీ తాగారు. ఆ అమ్మాయీ పాసే! చూశావా, పరీక్ష పెట్టేవాడు కూడా మా సిలబస్సే చదివాడు.

చిట్టిని రేపటి బస్సుకి ఎక్కిస్తున్నాను. మిఠాయి పంచిపెట్టు.

నీ తమ్ముడు


బడి, హెడ్‌మిస్ట్రెస్ గది
మొదటి వాన పడ్డ రోజు

తమ్ముడూ,

'ఇంకో అమ్మాయి' అని రాసిన చోట నీ అక్షరాలు పాకుడు మెట్లెక్కినట్టున్నాయి. అనుమానమొచ్చి చిట్టి పెట్టె తెరిచాను. పరీక్షకి వేసుకున్న నీలం చొక్కా మడతల నిండా పిండి. నీ కడుపు కాలా! నా దగ్గరే నాటకాలా?

నవ్వొచ్చిందిరా, దాచుకోను. వంటింట్లోకి వెళ్ళి ఒంటరిగా నవ్వాను. కానీ ఆ నవ్వు మర్నాటి దాకా నిలవలేదు.

మర్నాడు నర్సమ్మ బండి తీసుకొచ్చి చిట్టిని ఎక్కించుకుంది. నాలుగు వీధుల కూడలి వచ్చింది. చిట్టి బండి ఆపింది. ఆపి అటూ ఇటూ చూస్తూ కూర్చుంది. వెనక హారన్లు మోగుతున్నాయి. "ఏమ్మా, ఎటు వెళ్ళాలో అదిగో బోర్డు మీద రాసి ఉందిగా" అంది నర్సమ్మ. చిట్టి బోర్డు చదివింది. నా బిడ్డకి చదవడం రాక కాదు. చదివింది, కదల్లేదు. అక్కడి నుంచి ఎలాగో కదిలి దిగుడులోకి వెళ్తే, బండి దానంతటదే ఆగుతుందని చూస్తూ కూర్చుందట. నీ కాలు లేదు కదా అక్కడ! నర్సమ్మ చేతిబ్రేకు లాగింది. దూదిచుట్టలన్నీ ముందుకొచ్చి పడ్డాయి.

ఇంటి దగ్గర దింపి నర్సమ్మ మెల్లగా అంది, "టీచరుగారూ, మీ అమ్మాయికి లైసెన్సు వచ్చింది, బండి రాలేదు. మంచి పిల్ల. వానలు ముదిరేదాకా ఆగుతాను. ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్ళే."

లోపలికొచ్చాక నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. నా వరస తెలుసుగా, చిన్నప్పటి నుంచీ మొదలుపెట్టి వస్తాను. చిట్టి అడ్డుపడింది. "మామయ్యని అనకమ్మా. నీ ఎర్రగీతలకీ మామయ్య సెలూన్‌కీ తేడా ఏంటో చెప్పు చూద్దాం. నేను నీ బడిలోనేగా చదివాను. డిగ్రీలో ఫస్టు క్లాసు కూడా అలా గీతలు గీసిన ప్రశ్నలు చదివేగా వచ్చింది. ఉద్యోగం పరీక్షలో ఎవరూ గీతలు గీసివ్వరు, అందుకే పోతున్నాయి" అంది. కోపంగా అని ఉంటే ఒకటి అంటించేదాన్ని. నెమ్మదిగా, లెక్క చెప్పినట్టు చెప్పింది.

కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

దాన్ని మళ్ళీ నీ దగ్గరికి పంపుతున్నాను. ఈసారి పాసు చేయించొద్దు. నేర్పు.

అక్క


డ్రైవింగ్ స్కూలు, గరాజు వెనక గది
చినుకులు పడుతుండగా

అక్కా,

తేలు కుట్టిన దొంగలా రాస్తున్నాను. ఇందులో అక్షరాలు వంకర పోతే అది సిగ్గు, అబద్ధం కాదు.

చిట్టి దిగీ దిగగానే స్పానరు తీసుకుని నా కాళ్ళ దగ్గరి బ్రేకు విప్పేశాను. అది చూసి మీ మరదలు "ఇన్సూరెన్సు కాగితాలెక్కడ పెట్టారు?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఆఫీసు గేటుకి పెడమొహంగా కారు తిప్పించి, ఎప్పుడూ వెళ్ళని దారి పట్టించాను. కాసేపటికి నా అరచేతులకి చెమట్లు పట్టాయి. చిట్టికి కాదు, నాకు! అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళుగా నేను కూడా సెలూన్‌కీ టీ కొట్టుకీ మధ్యే తిరుగుతున్నాను. వేరే ఊరికి వెళ్తే బస్సే ఎక్కుతాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది నేర్పితే పోయింది.

దారి తప్పాం. తప్పడమంటే మామూలుగా కాదు. ఒక కలప డిపోలోకి దూరి, దుంగల మధ్య మూడు మెలికలు తిరిగి, వెనక గేటులోంచి బయటపడ్డాం. కాపలావాడు సలాం కూడా కొట్టాడు, ఎవరో పెద్దవాళ్ళనుకున్నట్టున్నాడు. నేను "ఎవరినైనా అడుగుదామే" అంటే నీ కూతురు "ఉండు మామయ్యా, ముందు చూద్దాం" అంది. చూసింది. మట్టిలో పాల వ్యాను చక్రాల జాడలున్నాయి. "పాలు పోసేవాడు ఇళ్ళున్న చోటికేగా వెళ్తాడు" అని అటే పోనిచ్చింది. నిజమే, ఇళ్ళొచ్చాయి. ఆ తర్వాత బురదలో చక్రం దిగబడితే నా వంక చూడలేదు. దిగి, రాళ్ళు ఏరి, చక్రం కింద పెట్టి, మళ్ళీ ఎక్కింది. నేను చేసిందల్లా గొడుగు పట్టడం.

రోజూ ఇదే పని మాకిప్పుడు. పొద్దున్నే బయల్దేరతాం, ఎక్కడో ఒక చోట తప్పుతాం, వెతుక్కుని వస్తాం. "ఇంతకీ బండి నేర్చుకుంటున్నది ఎవరు, మామా మేనకోడలా?" అని మీ మరదలి ఎత్తిపొడుపు.

ఇక నా శిష్యులున్నారే, వాళ్ళు అలిగారు. "మాస్టారూ, సెలూన్ ఎప్పుడు చెప్తారు?" అని ఒకటే గోల. సెలూన్ ఎత్తేశానంటే సగం మంది ఎదురు వీధిలో కొత్తగా పెట్టిన బడిలో చేరిపోయారు. అక్కడ నా పాఠమే చెబుతున్నారట, నా రాగంలోనే!

నేను బ్రేకు విప్పాను. మరి నువ్వు? గురివింద గింజ తన నలుపు ఎరగదన్న సామెత మీ బడి గోడ మీద రాయించింది నువ్వే, గుర్తుందా?

నీ తమ్ముడు


బడి, ఐదో తరగతి గది
వానాకాలం

ఒరేయ్ తమ్ముడూ,

నీకు ఊతమివ్వడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ రాయలేదు.

బడి తెరిచిన రోజు ఎర్ర కలం ఇంట్లో వదిలేసి వెళ్ళాను. చేతులు ఖాళీగా ఉంటే పంటి నొప్పిలా ఉందనుకో. నది పాఠం చెప్పి, "ఇందులోంచి ప్రశ్నలు మీరే వేయండి" అన్నాను. పిల్లలు ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగి చూశారు. చివరికి ముందు బెంచీ పిల్ల ఒకతె లేచి, "టీచర్, ఏ ప్రశ్న వేస్తే మార్కులొస్తాయి?" అంది. ఆ పిల్ల నేను తయారుచేసిన పిల్లే.

మూడో రోజుకి మెల్లగా నోళ్ళు విచ్చుకున్నాయి. ఒకడు అడిగాడు: "నది ఎక్కడ పుట్టిందో పుస్తకంలో ఉంది. మరి మన బడి కుళాయి ఎక్కడ పుట్టింది?" నాకు తెలియదు! ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నాను. సరే పదండని తరగతినంతా వెంటేసుకుని గొట్టం వెంబడి బయల్దేరాను. గొట్టం గోడ దాటింది, మేమూ దాటాం. నీ అక్క గోడ దూకిందిరా, ఈ వయసులో, చీర కుచ్చెళ్ళు పట్టుకుని! నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళాం. అక్కడి వాచ్‌మన్ మమ్మల్ని చూసి ధర్నాకొచ్చామనుకుని పై అధికారికి ఫోన్ చేశాడు.

తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఒకాయన వచ్చి, "టీచరుగారూ, మావాడు ఇంట్లో ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటున్నాడు. దీనికేమైనా మందుందా?" అని నిజంగానే అడిగాడు. ఇంకొకావిడ ముఖ్యమైన ప్రశ్నలు ఇవ్వకపోతే పై వాళ్ళకి రాస్తానంది. రాయమన్నాను.

నిన్న చిన్న పరీక్ష పెట్టాను. సగం మంది తప్పారు. నా చేతుల మీదుగా ఇంతమంది తప్పడం ఇదే మొదలు. ఇంటికొచ్చి అన్నం కూడా సయించలేదు. కానీ ఆ పేపర్లు మళ్ళీ తిరగేస్తే ఒకటి కనిపించింది. తప్పులు ఒకదానిలా ఒకటి లేవు. ఒక్కొక్కరూ ఒక్కో దారిన వెళ్ళి తప్పారు. ఎవరు ఎక్కడ మలుపు తిరిగారో తెలుస్తోంది, కాబట్టి వెనక్కి ఎక్కణ్ణుంచి తీసుకురావాలో కూడా తెలుస్తోంది. ఇంతకాలం నేను పేపర్లు దిద్దాను కానీ చదవలేదురా.

చిట్టి వచ్చింది. రేపే నర్సమ్మతో ప్రయాణం. అది గుర్రుపెట్టి నిద్రపోతోంది. నాకే కునుకు లేదు.

అక్క


డ్రైవింగ్ స్కూలు, గరాజు వెనక గది

అక్కా,

ఏమైంది? రాయవేం? వారం దాటింది. ఫోన్ ఎత్తవు. చిట్టీ ఎత్తదు. పిల్లకి ఉద్యోగం రాకపోతే పర్వాలేదు, ఒంటికేం కాలేదుగా? ఉత్తరం రాయడానికి బద్ధకమైతే కాగితం మీద ఒక సున్నా చుట్టి పంపు, క్షేమమనుకుంటాను. రెండు సున్నాలైతే ఉద్యోగం వచ్చిందనుకుంటాను. అసలేమీ రాకపోతే ఎల్లుండి నేనే బయల్దేరతాను. బస్సులో కాదు, కారు నడుపుకుంటూ! ఆ బెదిరింపు చాలనుకుంటాను.

తమ్ముడు


బడి, హెడ్‌మిస్ట్రెస్ గది
ముసురు పట్టిన రోజు

తమ్ముడూ,

ఇది నీ సున్నాలతో అయ్యే పని కాదు. ఎలా రాయాలో తెలియక ఆలస్యం చేశాను.

ముందు సంతోషం చెబుతాను. చిట్టికి ఉద్యోగం ఇచ్చారు. ఎలా ఇచ్చారో విను.

ఆ రోజు సగం దారిలో కొండచరియ విరిగి రోడ్డు మీద పడి ఉంది. నర్సమ్మ వెనక్కి తిప్పేయమంది. చిట్టి, "ఉండండమ్మా, చూద్దాం" అని దిగి నాలుగు పక్కలా చూసింది. పొదల వెనక, గుర్తేమీ లేని చోట, ఒక బాట పైకి పోతోంది. మట్టి గట్టిగా ఉంది, మేకల గిట్టల జాడలున్నాయి. మేకలున్నాయంటే మనుషులుంటారు, మనుషులుంటే అవతలికి దారి ఉంటుంది అనుకుంది. మెల్లగా బండి ఎక్కించింది. నర్సమ్మ కళ్ళు మూసుకుని కూర్చుందట, ప్రార్థన చేసుకుంటూ.

అవతలికి దారి లేదు. బాట ఒక పల్లెలో ఆగిపోయింది. గుప్పెడు ఇళ్ళు. కాగితాల్లో ఆ పల్లె పేరు కింది ఊరి పేరుతో కలిపి రాసి ఉంటుందట. కింది ఊరికి వెళ్తే రెండూ చూసినట్టే లెక్క. నర్సమ్మ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, డ్రైవరు ఎక్కడ ఆపితే అక్కడే ఊరనుకుంది. బండి చూసి పల్లెంతా బయటికొచ్చింది. ఒక ముసలావిడ బండి తలుపు మీద చెయ్యేసి, "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అని అడిగిందట. అంతే. తిట్టలేదు.

అక్కడొక పాప ఉంది. చెవుల్లో చీము పట్టి చాలా కాలమైంది. ఏవో ఆకులు పిండి పోశారు. ఒక చెవి పూర్తిగా పోయింది. మొదట్లోనే చూసి ఉంటే చుక్కల మందుతో పోయేదని నర్సమ్మ అంది. రెండో చెవి కూడా పోతోంది, కానీ వారం వారం వెళ్ళి చూస్తే నిలబెట్టవచ్చట.

వచ్చేటప్పుడు నర్సమ్మ చిట్టితో, "రేపటి నుంచి పనిలోకి రా. దారి తప్పడం తెలిసిన డ్రైవరే కావాలి నాకు" అంది.

ఇక రెండోది. నర్సమ్మ పాత డ్రైవరుకి ఫోన్ చేసి ఆ పల్లెకి ఎందుకు వెళ్ళలేదని అడిగింది. అతను దాచలేదు. "ఇటుక బట్టీ దగ్గర కుడి, పెద్ద బండ దగ్గర ఎడమ అని నాకు చెప్పారండీ. ఆ మలుపు దగ్గర గుర్తేం లేదు కదా" అన్నాడట. చెడ్డవాడు కాదు. రోజూ వేళకి వచ్చేవాడు, ఒక్క గీత కూడా పడకుండా బండి చూసుకునేవాడు. డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకున్నావని చిట్టి అడిగింది.

నీ దగ్గరేరా.

నిన్ను ఏడిపించడానికి రాయలేదు. అతనికి అక్షరాలు నేర్పింది ఈ బడే. హాజరుపట్టీలో నేను చూశాను, నా తరగతే. ఇద్దరం కలిసే పంపాం అతన్ని ఆ దారిలోకి.

అక్క


మందుల బండి, వెనక సీటు
పల్లె బాట దగ్గర

అక్కా,

నువ్వు బడిలో ఉండగా నీ ఇంటి ముందు నుంచే వెళ్ళాను. మా ఊరి నుంచి ఇక్కడికి కారు నేనే నడిపాను. రెండుసార్లు తప్పాను, చిట్టికి చెప్పకు. ఇప్పుడు దాని బండిలో వెనక సీట్లో కూర్చుని, దూదిచుట్టల మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అది రోడ్డు.

మా ఊరి కబురొకటి చెప్పి అసలు సంగతికొస్తాను. మొన్న మా బడి నుంచి ఒకడు పరీక్ష తప్పాడు. మొట్టమొదటివాడు! నేను కంగారు పడ్డాను. నాకంటే ఎక్కువ ఇన్‌స్పెక్టరు గారు కంగారు పడ్డారు. తప్పినవాడికి ఏ కాగితం ఇవ్వాలో ఆయనకి తెలియదు. బీరువాలన్నీ వెతికించారు. ఆ అబ్బాయి మర్నాడు మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు, "ఎక్కడ పొరపాటైందో చెప్పండి" అంటూ. కారు ఎక్కించుకుని చెప్పాను. వాడి మొహంలో పాసైనవాళ్ళ మొహాల్లో ఎప్పుడూ చూడనిది ఏదో చూశాను. దానికి పేరు నువ్వే పెట్టు, టీచరువి.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నేను హాస్యమాడలేదు. మీ మరదలు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. చిట్టికి ఫోన్ చేసి, ఆ పల్లెకి నన్నూ తీసుకెళ్ళమన్నాను.

నీ కూతురు బండి నడుపుతుంటే చూడాలి అక్కా! మలుపు రాకముందే దాని భుజానికి తెలిసిపోతుంది. పల్లె దగ్గరికి రాగానే హారన్ కొట్టింది. ఎక్కడెక్కడి పిల్లలూ పరుగెత్తుకొచ్చారు. ఒక పాప మాత్రం బాట మధ్యలో మాకు వీపు పెట్టి కూర్చుని, పుల్లతో నేల మీద బొమ్మ గీసుకుంటోంది. చిట్టి మళ్ళీ హారన్ కొట్టబోయి ఆగింది. బండి ఆపేసింది. వెనక్కి తిరిగి నా వంక చూసింది.

నేను దిగాను. నడిచి వెళ్ళి ఆ పాప ముందుకి తిరిగి కూర్చున్నాను. నా మోకాళ్ళు చేసిన చప్పుడు కూడా దానికి వినిపించలేదు. నీడ పడితే తలెత్తింది. నన్ను చూసి బెదరలేదు. గీస్తున్నది మందుల బండి బొమ్మ. నర్సమ్మ వచ్చి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండో చెవిలో చుక్కలు వేసింది. చెవి వెనక గడియారం పెట్టి టిక్‌టిక్ వినబడుతోందేమో చూసింది. పోయిన వారం కంటే మేలేనట. నాకు కళ్ళు తిరిగినంత సంతోషమైంది, అప్పుడే ఏడుపూ వచ్చింది. మీసమున్నవాణ్ణి, పిల్లలందరూ చూస్తుండగా ఏడ్చాను.

అది చూసి పాపకి జాలేసినట్టుంది. తన పుల్ల నాకిచ్చి బొమ్మ వైపు చూపించింది. బండికి చక్రం గీయమని. ఇన్నేళ్ళు చక్రాల మధ్యే బతికినవాణ్ణి, ఠీవిగా గీశాను. అది తల అడ్డంగా ఊపి, అరచేత్తో నా చక్రం చెరిపేసి, మళ్ళీ పుల్ల నా చేతిలో పెట్టింది.

మళ్ళీ గీశాను.

నీ తమ్ముడు